టెక్సాస్‌లో 15 ఏళ్ల అమ్మాయికి డ్రైవింగ్: మేమే నేర్పాలా, స్కూల్లో చేర్చాలా?

ఫ్రిస్కో నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా పెద్దమ్మాయికి 15 నిండాయి. తన ఫ్రెండ్స్‌లో చాలామంది అప్పుడే లర్నర్ లైసెన్స్ తెచ్చేసుకున్నారు. ఇంట్లో రోజూ భోజనాల దగ్గర ఇదే చర్చ.

నాకు అర్థమైనంతలో ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి డ్రైవింగ్ స్కూల్. మా ఏరియాలో ఐదారు వందల డాలర్లు అడుగుతున్నారు. రెండోది పేరెంట్ టాట్ పద్ధతి. రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్ఆర్‌కి 20 డాలర్లు కట్టి గైడ్ తెచ్చుకుని, ఆన్‌లైన్ కోర్సు కొని, కారులో నేర్పే పని మనమే చూసుకోవాలి. ఏ దారిలో వెళ్లినా గంటలు మాత్రం అవే. 32 గంటల క్లాసు, 7 గంటలు నడపడం, 7 గంటలు వేరేవాళ్లు నడుపుతుంటే కారులో కూర్చుని చూడటం, ఇవి కాక 30 గంటల ప్రాక్టీసు. ఆ 30లో 10 గంటలు రాత్రిపూట.

ఆ ప్రాక్టీసు గంటల దగ్గరే నాకు చిక్కు వచ్చింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. చిన్నోడికి స్విమ్మింగ్, అమ్మాయికి కూచిపూడి క్లాసు, వీకెండ్ ఎటు పోతుందో తెలియదు. ఆఫీసులో ఒకాయన "ప్రాక్టీసు గంటలు రాసే లాగ్ షీట్ ఊరికే నింపి సంతకం పెట్టేయండి, అందరూ చేసేది అదే" అన్నారు. నాకు మనసొప్పలేదు. పైగా నేను కారు నేర్చుకున్నది కూకట్‌పల్లిలో. ఇక్కడ టెస్ట్ పాసై చాలా ఏళ్లుగా నడుపుతున్నా, నాకు రావడం వేరు, ఇంకొకరికి నేర్పడం వేరు కదా.

పిల్లలకు నేర్పించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. స్కూల్ మంచిదా, ఇంట్లో నేర్పడమా? డబ్బు గురించి ఆలోచించడం లేదు. అమ్మాయి క్షేమంగా నడపాలి, నాకు కావలసింది అదే.


ప్లేనో వాసి

మా అబ్బాయికి పేరెంట్ టాట్‌లోనే చేయించాం. క్లాసు భాగం ఆన్‌లైన్‌లో వాడి వీలునుబట్టి పూర్తిచేశాడు. టైమింగ్స్ మన చేతిలో ఉంటాయి, అదే పెద్ద సుఖం. ఒక్క సంగతి ముందే చూసుకోండి. నేర్పే తల్లి లేదా తండ్రి సొంత డ్రైవింగ్ రికార్డు శుభ్రంగా ఉండాలి. లైసెన్స్ ఈమధ్య సస్పెండ్ అయినవాళ్లు నేర్పడానికి పనికిరారు. వివరాలు ఆ గైడ్‌లోనే ఉంటాయి.


తెనాలి అక్క, ఇర్వింగ్

నమస్తే అండీ. మాది తెనాలి. ఇర్వింగ్‌లో ఉంటున్నాను, ఇక్కడ టీడీఎల్ఆర్ లైసెన్స్ ఉన్న డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. నా కారులో నా వైపు కూడా ఒక బ్రేక్ ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. తల్లిదండ్రులు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్నే ఇది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

స్కూలా, ఇల్లా అన్నదానికి మీరు అంత మథనపడక్కర్లేదు. స్కూల్లో చేర్పించినా మీ అమ్మాయి నా పక్కన స్టీరింగ్ పట్టుకునేది 7 గంటలే. ఆ టైములో కారును లేన్ మధ్యలో ఉంచడం, అద్దాలు చూడటం, భుజం మీదుగా తల తిప్పి బ్లైండ్ స్పాట్ చూడటం, ప్యారలల్ పార్కింగ్, ఇలా టెస్టులో అడిగేవన్నీ నేర్పగలను. ఎదురుగా వచ్చే కారు ఎంత వేగంగా వస్తోందో కంటితో అంచనా కట్టడం, ముందు కారు బ్రేక్ వేయకముందే వేయబోతోందని పసిగట్టడం అంత తొందరగా రావు. అవి ఇంటి ప్రాక్టీసులోనే పట్టుబడతాయి. అంటే మీరు ఏ దారి ఎంచుకున్నా అసలు పని మీ మీదే ఉంది.

దీనికి పాత ఆధారం ఉంది. 1970ల చివర్లో జార్జియా రాష్ట్రంలోని డికాబ్ కౌంటీలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. సుమారు 16,000 మంది హైస్కూల్ పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎంతో శ్రద్ధగా తయారుచేసిన పూర్తి కోర్సు, ఇంకో జట్టుకు లైసెన్స్ తెచ్చుకోవడానికి సరిపడా చిన్న కోర్సు చెప్పారు. మూడో జట్టుకు స్కూల్లో ఏమీ చెప్పలేదు. కోర్సు చేసినవాళ్లకు మొదటి నెలల్లో కొంత మేలు కనిపించింది కానీ, పోనుపోను ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. చాలామందికి అది పెద్ద నిరాశ. తర్వాత 2015లో నెబ్రాస్కా పరిశోధకులు ఆ రాష్ట్రంలో లక్షన్నరకు పైగా టీనేజ్ డ్రైవర్ల రికార్డులు చూశారు. డ్రైవర్ ఎడ్యుకేషన్ చేసిన పిల్లలకు ప్రమాదాలూ టికెట్లూ తక్కువగా ఉన్నాయని అందులో తేలింది. రెండూ చదివాక నా నమ్మకం ఏమిటంటే, క్లాసు అవసరమే, కానీ క్లాసుతోనే పిల్లలు క్షేమంగా ఉంటారనుకోకూడదు. నేను ఈ పని మీదే బతుకుతున్నాను, అయినా ఇదే చెప్తాను.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పక్కన పెద్దవాళ్లు కూర్చుని ఉన్నంతకాలం పిల్లలు పెద్దగా ప్రమాదాలు చేయరు. లైసెన్స్ చేతికొచ్చి ఒంటరిగా బయల్దేరిన మొదటి నెలల్లో ప్రమాదం ఒక్కసారిగా పెరుగుతుంది. నడిపిన మైళ్ల లెక్కన చూస్తే 16 నుంచి 19 ఏళ్ల వాళ్ల ప్రాణాంతక ప్రమాదాల రేటు, 20 దాటినవాళ్లతో పోలిస్తే దాదాపు 3 రెట్లు. అందుకే లైసెన్స్‌ను ఒకేసారి చేతిలో పెట్టకుండా అంచెలంచెలుగా ఇచ్చే పద్ధతి వచ్చింది. అమెరికాలో 1996లో ఫ్లోరిడా దీన్ని పూర్తిగా మొదలుపెట్టింది, ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. టెక్సాస్‌లో 15కి లర్నర్, కనీసం 6 నెలలు అది పెట్టుకున్నాక 16కి ప్రొవిజనల్, అంటే కొన్ని షరతులతో ఒంటరిగా నడపనిచ్చే లైసెన్స్. ఆ 6 నెలలు వాయిదా పడిన సుఖంలాగా అనిపిస్తాయి పిల్లలకు. మీకు మాత్రం మీ అమ్మాయి పక్కన కూర్చునే అవకాశం ఉన్న కాలం అదే.

ఇప్పుడు మీ టైం సమస్య. ప్రాక్టీసుకని ప్రత్యేకంగా వీకెండ్ కేటాయించకండి. చిన్నోడి స్విమ్మింగ్‌కీ, కూచిపూడి క్లాసుకీ, పటేల్ బ్రదర్స్‌లో మన సరుకులకీ ఎలాగూ వెళ్తున్నారు కదా. స్టీరింగ్ అమ్మాయికి ఇవ్వండి. ఒక 10 నిమిషాలు ముందు బయల్దేరండి, చాలు. రాత్రి గంటల విషయంలో ఇంకో చిట్కా. జూన్, జూలైల్లో డాలస్‌లో 8:30 దాటితే గానీ సూర్యుడు అస్తమించడు. అప్పుడు రాత్రి ప్రాక్టీసంటే అందరికీ నిద్రవేళే. నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం ఆరుకల్లా చీకటి పడుతుంది. స్విమ్మింగ్‌కి వెళ్లి రావడమే రాత్రి ప్రాక్టీసు అవుతుంది. రాత్రి గంటల్లో ఎక్కువ భాగం అప్పటికి అట్టిపెట్టుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే పెద్ద పార్కింగ్ లాట్‌లో బ్రేక్ మీద కాలు అలవాటు కావాలి. మెల్లగా నొక్కితే కారు ఎక్కడ ఆగుతుంది, గట్టిగా నొక్కితే ఎలా కుదుపుతుంది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసినప్పుడు కాలి కింద ఎలా అదురుతుంది, ఇవన్నీ అక్కడే తెలుసుకోవాలి. ఆ అదురు మొదటిసారి తెలిసిన పిల్లలు భయపడి కాలు తీసేస్తారు. నిజం ఎమర్జెన్సీలో అలా తీసేస్తే ఏమవుతుందో ఊహించండి. తర్వాత మీ కాలనీ వీధులు, నాలుగు వైపులా స్టాప్ సైన్ ఉండే ఫోర్ వే స్టాప్‌లు. ఫోర్ వే స్టాప్ దగ్గర ముందొచ్చినవాళ్లు ముందు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్నవాళ్లు ముందు. మనవాళ్లు చాలామంది స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగరు, అలా దొర్లించుకుంటూ వెళ్లిపోతారు. పిల్లలు వెనక సీట్లోంచి ఏళ్ల తరబడి అదే చూసి ఉంటారు. మీ అమ్మాయికి నేర్పే ముందు నెల రోజులు మీరు పూర్తిగా ఆగండి.

అన్నిటికంటే ఎక్కువ టైం ఎడమ మలుపు మీద పెట్టండి. ఫిలడెల్ఫియా చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు టీనేజర్ల పెద్ద ప్రమాదాలను పరిశీలిస్తే మళ్లీ మళ్లీ కనిపించినవి మూడు రకాలు. ఎడమకు తిరుగుతూ ఎదురుగా వచ్చేవాళ్లకు అడ్డం పోవడం, ముందు కారును వెనక నుంచి గుద్దడం, మలుపులో రోడ్డు దిగిపోవడం. మీ ఫ్రిస్కోలో ప్రెస్టన్ రోడ్డు లాంటి ఆరు లేన్ల రోడ్ల మీద మెరిసే పసుపు బాణం చూసే ఉంటారు. తిరగొచ్చు, కానీ ఎదుటివాళ్లకు దారి ఇచ్చాకే అని దాని అర్థం. కొత్త పిల్లలు బాణం మెరవగానే తమ వంతు వచ్చిందనుకుంటారు. వెనక కారువాడు హారన్ కొడితే ఇంకా కంగారు. నేనైతే ఆ సిగ్నల్ దగ్గర ముందే చెప్పేస్తాను: "ఎన్ని లైట్లు మారినా పర్లేదు, నీకు ఖాళీ కనిపించేదాకా కదలకు. చక్రాలు మాత్రం తిన్నగా ఉంచు." చక్రాలు ముందే ఎడమకు తిప్పి ఆగితే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు కారు నేరుగా ఎదురు ట్రాఫిక్‌లోకి పోతుంది. ఇది పెద్దవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

టోల్‌వే ఎక్కేటప్పుడు పక్క సీట్లో తల్లిదండ్రులు చేసే పని ఒకటుంది. ర్యాంప్ మీద పిల్ల స్పీడ్ పెంచుతుంటే "మెల్లగా, మెల్లగా" అని అరుస్తారు. 121 టోల్‌వే మీద కార్లు 70 మైళ్ల వేగంలో పోతుంటే 45లో దూరడం కంటే పెద్ద ప్రమాదం లేదు. ర్యాంప్ ఉన్నదే స్పీడ్ అందుకోవడానికి. మీకు భయంగా ఉంటే మొదట ఆదివారం పొద్దున ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు వెళ్లండి, కానీ ర్యాంప్ మీద నోరు కట్టేసుకోండి.

అరుపుల సంగతి కూడా చెప్పాలి. "ఆపు ఆపు" అని ఒక్కసారిగా అరిస్తే ఎక్కడ ఆపాలో, ఎందుకు ఆపాలో తెలియక పిల్లలు నడిరోడ్డు మీద బ్రేక్ తొక్కుతారు. ఎక్కడికి వెళ్లాలో ముందు చెప్పండి, తర్వాత ఏం చేయాలో చెప్పండి. "వచ్చే సిగ్నల్ దగ్గర, కుడికి" అన్నట్టు. ఇంకో మంచి పద్ధతి ఉంది. అమ్మాయినే చెప్పమనండి. "రెండు కార్ల అవతల బ్రేక్ లైట్ వెలిగింది, కుడిపక్క సైకిల్ పిల్లాడు ఉన్నాడు, వాకిట్లో కారు వెనక్కి వస్తోంది" అని తను చూసినదంతా గట్టిగా చెప్తూ నడపాలి. తెలుగులోనో ఇంగ్లీషులోనో, తనిష్టం. తన కన్ను ఎక్కడుందో మీకు అప్పుడు తెలుస్తుంది. నేను ఈ ఒక్క పద్ధతితోనే సగం పాఠం నడుపుతాను. ఇంకొకటి, కారులో మార్కుల గురించి ఎత్తకండి. నిజంగా చెప్తున్నాను, ఎంతోమంది పిల్లలు నా దగ్గర ఏడ్చింది డ్రైవింగ్ రాక కాదు, నాన్న కారులో ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) గురించి తిడతారని.

లాగ్ షీట్ మీద ఊరికే సంతకం గురించి. దయచేసి ఆ పని చేయకండి. టెక్సాస్‌లో 2000 నవంబరు 7 తర్వాత రోడ్ల మీద ఒక్కరు కూడా చనిపోని రోజు లేదు. ఒక్కటంటే ఒక్క రోజు. ఆ కాగితం మీద మీరు రాసే గంటలు లైసెన్స్ ఆఫీసువాళ్ల కోసం కాదు. అందరూ చేసేది అదేనని చెప్పేవాళ్లతో నేను గొడవ కూడా పెట్టుకున్నాను.


ఎడిసన్ మామయ్య

మాది న్యూజెర్సీ. ఇక్కడ పద్ధతి కొంచెం వేరు, తెలుసుకుంటారని రాస్తున్నాను. 16కి పర్మిట్, 17కి గానీ ప్రొబేషనరీ లైసెన్స్ రాదు. పైగా 2010 నుంచి కైలీ చట్టం కింద 21 ఏళ్ల లోపు పర్మిట్, ప్రొబేషనరీ డ్రైవర్ల కార్లకు నంబర్ ప్లేట్ల మీద ఎర్ర స్టిక్కర్ పెట్టాలి. 2006లో ఒక ప్రమాదంలో చనిపోయిన హైస్కూల్ అమ్మాయి పేరు ఆ చట్టానికి పెట్టారు. మా అబ్బాయి మొదట్లో ఆ స్టిక్కర్ పెట్టుకోనని మొండికేశాడు, ఫ్రెండ్స్ ముందు నామోషీ అని. నాకైతే ఆ ఎర్ర గుర్తు చూసి వెనకవాళ్లు కాస్త దూరం పాటిస్తారని ధైర్యం. టెక్సాస్‌లో అలాంటిది లేకపోతే "కొత్త డ్రైవర్" అని ఏదైనా మాగ్నెట్ దొరుకుతుంది, అంటించండి.


ఫ్రిస్కో నాన్న

అక్కా, చాలా థాంక్స్. మీరు రాసినదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. ఎస్‌ఏటీ మాట దగ్గర నా వైపు చూసింది. స్టాప్ సైన్ సంగతి ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాను.

ఇంకో మూడు ప్రశ్నలు. 16 రాగానే ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని గేమ్స్‌కి వెళ్తానంటుంది, ఎంతవరకు ఒప్పుకోవచ్చు? రెండోది, మా పాత కరోలా తనకిచ్చి మేం కొత్తది కొనుక్కుందామని ప్లాన్, సరైన పనేనా? చివరిది, వచ్చే వేసవిలో గుంటూరు వెళ్తున్నాం. అప్పటికి తనకు లైసెన్స్ వచ్చేస్తుంది. అక్కడ పిన్ని వాళ్ల పిల్లలు స్కూటీ మీద తిరుగుతారు, తనూ నడుపుతానంటే ఏం చెప్పాలి?


తెనాలి అక్క, ఇర్వింగ్

ఫ్రెండ్స్ విషయంలో చట్టమే మీకు సాయం. టెక్సాస్‌లో 18 లోపు ప్రొవిజనల్ లైసెన్స్‌తో నడిపేటప్పుడు, 21 ఏళ్ల లోపు వాళ్లలో కుటుంబ సభ్యులు కానివాళ్లు ఒక్కరికి మించి కారులో ఉండకూడదు. అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా నడపకూడదు, ఉద్యోగం, స్కూలు పని, ఎమర్జెన్సీ అయితే తప్ప. ఫోన్ అసలు వాడకూడదు, చేతిలో పట్టుకోకుండా మాట్లాడేది కూడా కుదరదు, ఎమర్జెన్సీ ఒక్కటే మినహాయింపు. ఒక్క ఫ్రెండ్‌కి చట్టం ఒప్పుకుంటుంది కదా అంటారేమో. నా మాట వింటే మొదటి 6 నెలలు ఆ ఒక్కరినీ వద్దనండి. తమ్ముడిని స్విమ్మింగ్‌కి దించడం వేరు, తోటి వయసు పిల్లలు కారులో నవ్వుకుంటూ ఉండటం వేరు. తోటి పిల్లలు ఒక్కొక్కరు ఎక్కేకొద్దీ టీనేజ్ డ్రైవర్‌కి ప్రాణాపాయం పెరుగుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ గేమ్‌కి మీరే దించి, మీరే తీసుకురండి. అలుగుతుంది. అలగనివ్వండి.

అలాగే తను వేరేవాళ్ల కారు ఎక్కేటప్పుడు కూడా నియమం ఉండాలి. ఇది తల్లిదండ్రులు మర్చిపోతారు. మీ అమ్మాయి ఎంత బాగా నడిపినా, నిన్నగాక మొన్న లైసెన్స్ వచ్చిన ఇంకో పిల్లాడి పక్క సీట్లో కూర్చుంటే ఏం లాభం? ఎంత రాత్రయినా, ఎక్కడున్నా, ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న అడగకుండా వచ్చి తీసుకెళ్తామని మాటివ్వండి. మాటిచ్చాక నిజంగా ప్రశ్న అడగకండి, కనీసం ఆ రాత్రి. ఈ షరతులన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఏ నెల ఏ షరతు సడలిస్తారో కూడా రాయండి. పిల్లలకు ఎప్పటికి దొరుకుతుందో తెలిస్తే ఓర్చుకుంటారు.

ఫోన్ గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. 55 మైళ్ల వేగంలో 5 సెకన్లు స్క్రీన్ చూస్తే, కారు ఒక ఫుట్‌బాల్ మైదానం పొడవునా కళ్లు మూసుకుని పోయినట్టే. ఫోన్ గ్లవ్ బాక్స్‌లో పెట్టాలి. మీరు కూడా పెట్టాలి, తను ఇప్పుడు మీ పక్క సీట్లోంచి నేర్చుకుంటోంది.

కారు సంగతి. మనవాళ్లు మామూలుగా చేసేది అదే, పాతది పిల్లలకు, కొత్తది తమకు. ఇంట్లో అన్నిటికంటే కొత్త డ్రైవర్‌కి అన్నిటికంటే పాత కారు ఇవ్వడం నాకు నచ్చదు. మీ కరోలా ఏ సంవత్సరానిదో చూడండి. కారు జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి ఇక్కడ కార్లన్నిటికీ తప్పనిసరి, అంతకు ముందుదైతే నేను ఇవ్వను. ముందు అడ్డం వస్తే తనంతట తానే బ్రేక్ వేసే సదుపాయం ఉంటే మరీ మంచిది. ఐఐహెచ్ఎస్ అనే రోడ్డు భద్రత సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికతో కలిసి టీనేజర్లకు తగిన వాడిన కార్ల జాబితా ప్రచురిస్తుంది, అందులో ధరలు కూడా ఉంటాయి. మరీ చిన్న కార్లూ, ఇంజిన్ పవర్ బాగా ఎక్కువున్న కార్లూ ఆ జాబితాలో ఉండవు. కొందరు 16 ఏళ్ల పిల్లలకు పుట్టినరోజు కానుకగా కొత్త టెస్లా ఇస్తున్నారు. దాని పికప్‌కి మనమే ఉలిక్కిపడతాం, పిల్లల చేతికి మొదటి కారుగా వద్దండీ.

ఒకటి అడగకపోయినా చెప్తాను. మంచు పడ్డ రోజు ప్రాక్టీసు వద్దు, స్కూలూ వద్దు, ఇంట్లోనే ఉండండి. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద గాజులాంటి ఐస్ వల్ల 133 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని 6 మంది చనిపోయారు. వాళ్లంతా అనుభవం లేనివాళ్లు కాదు. వర్షంలో మాత్రం తప్పకుండా ప్రాక్టీసు చేయించండి, మొదట చినుకుల్లో, తర్వాత కాస్త గట్టి వానలో. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటకుండా వెనక్కి తిరగడం కూడా ఆ పాఠంలో భాగమే.

గుంటూరు స్కూటీ గురించి ఇండియాలో ఉన్నవాళ్లు చెప్తే బాగుంటుంది.


గుంటూరు లాయరు

ఆ ప్రశ్నకు నేను చెప్తాను. మీ అమ్మాయికి టెక్సాస్ లైసెన్స్ ఉన్నా ఇక్కడ నడపడానికి వీల్లేదు. మన చట్టంలో బండి నడపడానికి కనీస వయసు 18. 16కి ఇచ్చేది 50 సీసీ మించని ఇంజిన్ ఉన్న మోటార్ సైకిల్‌కి మాత్రమే. ఇప్పుడు ఇళ్లలో ఉండే స్కూటీలు, యాక్టివాలు అన్నీ అంతకంటే పెద్దవే. పిన్నిగారి పిల్లలకు 18 నిండకపోతే వాళ్లు నడిపేది కూడా చట్టవిరుద్ధమే.

2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 199ఏ అనే సెక్షన్ పెట్టారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు గానీ బండి యజమాని గానీ బాధ్యుడు. 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. ఇంత ఉన్నా మా వీధిలో ఇంటర్ పిల్లలు ముగ్గురేసి ఒకే బండి మీద, హెల్మెట్ లేకుండా కోచింగ్‌కి వెళ్తూనే ఉన్నారు. ప్రమాదం జరిగాక తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తారు. లైసెన్స్ లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు డబ్బు కట్టినా, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశాలిస్తాయి. ఇల్లు అమ్ముకునే పరిస్థితి వస్తుంది. అది కూడా తర్వాతి సంగతి, ముందు పోయేది ఎవరి పిల్లలో ఒకరు.

వేసవిలో మీ అమ్మాయిని ఆటోలో తిప్పండి. మీ పిన్నిగారికి కూడా ఈ మాట చెప్పండి, మీరు చెప్తే వింటారు.


ఫ్రిస్కో నాన్న

లాయరు గారూ, ధన్యవాదాలు. పిన్నికి ఇవాళే ఫోన్ చేస్తాను. అక్కా, మేం పేరెంట్ టాట్ తీసుకుని, డ్రైవింగ్ మొదట్లో కొన్ని గంటలు మాత్రం ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చేయిద్దామనుకుంటున్నాం. కాగితాల వరుస ఒక్కసారి చెప్తారా? ముందు 32 గంటల క్లాసు మొత్తం అయ్యాకే లర్నర్ ఇస్తారా?


తెనాలి అక్క, ఇర్వింగ్

అక్కర్లేదు. క్లాసూ డ్రైవింగూ పక్కపక్కనే నడిపే పద్ధతిలో మొదటి 6 గంటల క్లాసు అయితే చాలు, లర్నర్‌కి అప్లై చేయొచ్చు. ముందుగా టీడీఎల్ఆర్ గైడ్ తెప్పించుకోండి, అది రాకముందు చేసిన గంటలు లెక్కలోకి రావు. లైసెన్స్ ఇచ్చే డీపీఎస్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు అమ్మాయి చదివే స్కూలు నుంచి హాజరు చూపించే వీఓఈ ఫారం తీసుకెళ్లాలి. సెలవుల్లో స్కూలు ఆఫీసు మూసేస్తే ఆ ఫారం దొరకడం కష్టం, స్కూలు ఉండగానే తెచ్చుకోండి. అమ్మాయి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంటే ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), పాస్‌పోర్టు కూడా పెట్టుకోండి, లైసెన్స్ గడువు మీ స్టేటస్ గడువును బట్టే ఉంటుంది. డీపీఎస్ అపాయింట్‌మెంట్ ముందే బుక్ చేయండి.

లర్నర్ వచ్చాక పక్క సీట్లో కూర్చునేవాళ్లకు 21 నిండి, లైసెన్స్ ఉండి, కనీసం ఏడాది నడిపిన అనుభవం ఉండాలి. మీ ఇన్సూరెన్స్ వాళ్లకు ఆ రోజే చెప్పండి. చివర్లో డ్రైవింగ్ టెస్టుకి ముందు ఇంపాక్ట్ టెక్సాస్ టీన్ డ్రైవర్స్ అనే 2 గంటల వీడియో కోర్సు ఉంది, ఉచితం. ఆ సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది, కాబట్టి టెస్టు తేదీ దొరికాకే చేయించండి. ఆ వీడియోలు అమ్మాయితో పాటు మీరిద్దరూ కూర్చుని చూడండి.